రాలేదని రాసిన పేషెంటు

ఒక మనిషిని లెక్కలోంచి తీసేశాను. ఆ బరువు ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను.

అప్పుడు కలకత్తాలో దంతవైద్యంలో పీజీ చేస్తున్నాను. మా ఇల్లు భవానీపూర్‌లో. అమ్మ పోయాక ఇంట్లో తెలుగు మాటే తగ్గిపోయింది. నాన్నా నేనూ అవసరమైనంతే మాట్లాడుకునేవాళ్లం. నా పరిశోధన చిగుళ్ల జబ్బు మీద. చిగుళ్లు శుభ్రం చేశాక లోపల ఒక కొత్త మందు పెడితే కదిలే పళ్లు నిలుస్తాయా అని. ఎవరికి మందు పెట్టాలో, ఎవరికి శుభ్రం మాత్రమే చేసి పంపాలో చీటీ తీసి తేల్చాలి. నా ఇష్టాయిష్టాలు ఫలితంలోకి చొరబడకుండా ఉండడానికే ఆ చీటీ.

పైడమ్మ గారు ఖిదిర్‌పూర్ నుంచి వచ్చేవారు. భర్తకు ఓడల డాక్‌లో పని, సొంత ఊరు శ్రీకాకుళం వైపు. నా పేరు వినగానే తెలుగులోకి దిగిపోయారు. "ఏటి తల్లీ, ఇలగ చిక్కిపోనావు? తింతన్నావా నేదా?" అమ్మ పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

ఆవిడ చీటీలో మందు రాలేదు. నేను చీటీ మడిచి మళ్లీ డబ్బాలో వేసేసి, మందే పెట్టాను. ఆ తర్వాత అడ్డేమీ లేకపోయింది. నాకు నచ్చినవాళ్లకు, చెప్పినట్టు రోజూ శ్రద్ధగా తోముకునేవాళ్లకు మందు. మిగతావాళ్లకు ఉత్త శుభ్రం. ఇక ఆ మందు గెలవక ఏం చేస్తుంది?

పైడమ్మ గారికి మాత్రం పనిచెయ్యలేదు. చివరిసారి పళ్లు చూపించుకోడానికి వచ్చేసరికి చిగుళ్లు వాచి, ముందుపళ్లు ఊడిపోయి ఉన్నాయి. నేను కలం పట్టుకుని ఊరికే కూర్చున్నాను.

"ఇది రాస్తే నీ సదువుకి అడ్డేటి?" అన్నారు.

"కాస్త అడ్డేనమ్మా."

"అయితే నాను రానేదని రాసీ తల్లీ. నానెవులికీ సెప్పను."

అలాగే రాశాను. డిగ్రీ కోసమా? లేక నన్ను కాపాడాలని ఒకరు అనుకోవడం అంత హాయిగా అనిపించిందా? ఆవిడ ప్రేమకొద్దీ అన్న మాటను నేను అనుమతిలా వాడుకున్నాను.

ఆ మందు పనిచేస్తుందని నా వ్యాసం వైద్యపత్రికలో అచ్చయింది. నాకు ఉద్యోగం వచ్చింది. ఈమధ్య నా దగ్గర చదివే అమ్మాయి ఒక పేషెంటుకు అదే మందు పెడుతూ, చిగుళ్ల ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చింది. ఎందుకని అడిగితే నా వ్యాసమే చూపించింది. అప్పటికే అతని పళ్ల పరిస్థితి చెయ్యి దాటిపోయింది.

ఆ సాయంత్రం ఖిదిర్‌పూర్ వెళ్లాను. అక్కణ్ణుంచి వాట్‌గంజ్ దాకా అడుగుతూ పోయాను. వాళ్లు ఎప్పుడో ఊరెళ్లిపోయారన్నారు, ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ బస్సులో ఆ యాస వినబడితే తల తిప్పి చూస్తాను. ఎవరో వేరేవాళ్లు ఉంటారు.

జరిగిందంతా పత్రికవాళ్లకు చెప్పి, వ్యాసం వెనక్కి తీసుకోమన్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. మీకు చెప్పాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. ఆవిడ ఎదురైతే క్షమించమంటానా? ఏమో. ముందు పేషెంటు కుర్చీలో, దీపం కింద కూర్చోబెట్టి, నోరు తెరవమని, మిగిలిన పళ్లు ఎలా ఉన్నాయో చూస్తాను.