వసుంధర గారు బరువు ఎత్తి చూసిన రోజు

వసుంధర గారు పోయారన్న వార్త మంగళవారం పొద్దున బస్సులో, ఐర్లండ్‌లోని మా లిమరిక్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో చదివాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఆమె గురించి పెద్ద మాటలు రాయలేను. రాసినా ఆమె కొట్టేసేవారు.

ఇక్కడి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించారు. పనిచేసే చోట ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ, ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ చట్టం ఒకేలా అందుతుందా అన్నదే ఆమె జీవితకాలపు పరిశోధన.

ఆమె పరిచయమైన రోజుల్లో నేను వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో వాళ్ళని చూసుకునే కేరర్‌ని. అప్పుడు నాకు ఐదో నెల. మంచం పట్టినవాళ్ళని ఎత్తి కూర్చోబెట్టే పని తప్పించమని అడిగితే, మేనేజరు "యూ ఆర్ గ్రాండ్", నీకేం బాగానే ఉన్నావు, అని నవ్వేసింది. నా వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. గట్టిగా అడిగితే ఉద్యోగం పోతుందని భయం, అడక్కపోతే కడుపులో బిడ్డకి ఏమవుతుందోనని భయం.

లైబ్రరీలో పరిచయమైన వసుంధర గారికి ఈ మాట చెప్పాను. ఆమె జాలిపడలేదు. ఇంటికి పిలిచి, నన్ను సోఫా మీద పడుకోబెట్టి, ఎలా ఎత్తాలో చెప్పమన్నారు.

"బరువంతా వదిలెయ్ బిడ్డా, మొహమాటపడకు."

"మీ నడుం పట్టేస్తే నా మీద కేసేస్తారా ఆంటీ?"

"వేస్త. నీ తరఫున గూడ నేనే వాదిస్త."

రెండుసార్లు ప్రయత్నించి, ఎత్తలేక, కార్పెట్ మీద చతికిలబడ్డారు. "ఇరవై ఏండ్ల సంది దీని గురించే రాస్తున్న. ఇంత బరువుంటదని ఇయ్యాల్నే తెలిసింది" అంటూ నోటుబుక్కు అందుకున్నారు. ఇక సాయంత్రం దాకా ప్రశ్నలే. ముందు ఏ కాలు పెడతావు? నువ్వెత్తే మనిషి నీ మెడ పట్టుకుంటాడా? పక్కన ఇంకెవరుంటారు? ఆ జవాబులతోనే నా చేత మేనేజరుకి ఉత్తరం రాయించారు. అందులో తన మాట ఒక్కటీ పెట్టలేదు.

పది రోజుల్లో నాకు భోజనాలు అందించే తేలిక పని ఇచ్చారు. సంబరంగా ఫోన్ చేశాను.

"మంచిగైంది. మరి ఆ ఎత్తే పని ఇప్పుడెవలు చేస్తున్నరు?"

నాకు తెలియదు. మర్నాడు కనుక్కున్నాను. కొత్తగా చేరిన నేపాలీ అమ్మాయి, నడుముకి పట్టీ కట్టుకుని, ఒక్కతే చేస్తోంది. ఆ సంగతి చెబితే వసుంధర గారు, "నీ ఉద్యోగం నీది. రాయమని నేను చెప్ప" అన్నారు. రెండో ఉత్తరం మీద ఆ అమ్మాయి పక్కన నేనూ సంతకం పెట్టాను. ఈసారి మేనేజరు నవ్వలేదు. ఇద్దరు లేనిదే ఎవరినీ ఎత్తకూడదని గోడ మీద కాగితం అంటించింది. నా ఉద్యోగం నిలిచింది. పాప క్షేమంగా పుట్టింది.

ఆమె పుస్తకాలు ఎవరైనా చదువుకోవచ్చు. కానీ మనకో మేలు జరిగిందని చెప్పగానే, దాని బరువు ఎవరి మీద పడిందని అడిగే మనిషి నాకు ఇంకొకరు తెలియదు. ఆమె పోయిన మూడో రోజున నన్ను సూపర్‌వైజరుని చేశారు. ఇకమీదట ఎవరు ఎవరిని ఎత్తాలో రాసేది నేనే. నేను రాసింది చూసి నన్ను నిలదీసేవారు లేరు.