తాడిచెట్టు మీంచి కుడివైపుకు వేసిన బాణం

దయ్యం కథలు చెప్పుకుంటూ నా కంటబడ్డ పిల్లల్ని గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తించే రకం నేను. రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనే తప్ప గాలీ ధూళీ అనే మాటలు వినపడవు. ఇప్పటికీ నేను దయ్యాల్ని నమ్మను. నమ్మకుండానే ఇది రాస్తున్నాను, అదే నా ఇబ్బంది.

ముందు నా చేతుల గురించి చెప్పాలి. కాలేజీ రోజుల నుంచి విలువిద్య నాకు పిచ్చి. నాది కుడిచేతి వాటం. అంటే ఎడమ చేత్తో విల్లు పట్టుకుని, కుడి చేత్తో నారి లాగుతాను. పదేళ్ల కిందట బైకు మీంచి పడి నా ఎడమ భుజం కీలు తప్పింది. అప్పటి నుంచి ఆ చెయ్యి ముందుకు చాచి విల్లు పట్టుకోగలను గానీ, దాంతో దేన్నీ వెనక్కి లాగలేను. షట్టరు కిందికి లాగాలన్నా కుడి చెయ్యే దిక్కు.

మా అక్కని ఇచ్చింది పి.గన్నవరం అవతల, గోదావరి పాయకి ఆవలున్న ఒక లంక ఊళ్లో. బావగారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు అమలాపురం వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. ఆ వానాకాలం గోదావరి పొంగి లంకకి వెళ్లే కాజ్‌వే మునిగిపోయింది. వరసగా రెండు డయాలసిస్‌లు తప్పిపోయాయి.

రెండోది తప్పిన మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావగారికి ఆయాసం ఎక్కువైపోయిందిరా. పడుకుంటే ఊపిరాడట్లేదు. రాత్రంతా కూర్చోబెట్టే ఉంచేను," అంది. వెంటనే బోట్ల కోసం వాకబు చేశాను.

ఇంజను బోట్లు పెద్ద ఊళ్ల వైపు వెళ్లాయి, రేపటికి గానీ రావన్నారు. లంకలో ఒక చిన్న నావ ఉంది. కానీ ప్రవాహం దాన్ని పాయలోంచి ఈడ్చుకుపోయి పెద్ద గోదావట్లో కలిపేస్తుంది. ఇటు గట్టు నుంచి అటు గట్టుకి ఒక లావుపాటి తాడు కడితే, దాన్ని పట్టుకుని నావ దాటించవచ్చు. తాడు అటు చేరేదెలా అన్నదే సమస్య. డ్రోన్ ఉన్న ఫొటోగ్రాఫరుకి ఫోన్ చేస్తే, ఈ గాలికి ఎగరదండీ అని పెట్టేశాడు.

అప్పుడు నా విల్లు గుర్తొచ్చింది. బాణానికి సన్నటి నైలాన్ దారం కట్టి వేస్తే, దారం వెనక పురికొస, దాని వెనక తాడు లాక్కోవచ్చు. పాయ వెడల్పు అరవై గజాలుంటుందేమో. నేల మీంచి వేస్తే ఒడ్డున ఉన్న తుమ్మలు అడ్డు. ఎత్తు నుంచి వెయ్యాలి. ఏటిగట్టు మీద ఒక తాడిచెట్టు ఉంది. అవతలి గట్టు మీద నిలబడమని అక్కకి ఫోన్ చేసి, విల్లు తీసుకుని అక్కడికి వెళ్లాను.

ఆ చెట్టు గీసే సత్తిబాబు నాకు పాత పరిచయమే. తాటినారతో నేసిన తన మోకు నాకు తొడిగాడు. నడుముకీ చెట్టుకీ కలిపి వేసే పట్టీ అది, వెనక్కి వాలితే కుర్చీలో కూర్చున్నట్టు ఆనుకోవచ్చు. పాదాలు జారకుండా వాటికి బందం, అంటే నార చుట్ట, వేశాడు. తన దగ్గర ఉన్నవి ఆ ఒక్క మోకూ, ఒక్క బందమే.

"మాస్టారండీ, వాన పడితే నేను చెట్టెక్కనండి. తడిస్తే నార బిగిసిపోద్ది. వాన ఆగింది కదా, గబగబా ఏసేసి దిగిపోండి," అన్నాడు.

మొదట తోసి, తరవాత కింద నుంచి చెబుతూ నన్ను నాలుగు నిలువుల ఎత్తు ఎక్కించాడు. విల్లుకీ బాణాలకీ తాడు కట్టి పైకి లాక్కున్నాను. దారం చుట్ట బకెట్లో పెట్టుకుని సత్తిబాబు భార్య వెంకటలక్ష్మి కింద నిలబడింది. మా అక్కకి చూపిద్దామని ఫోన్లో వీడియో కూడా మొదలుపెట్టింది.

నేల మీద విలుకాడు ముందు పాదాలు కుదుర్చుకుంటాడు. మోకులో వేలాడేవాడికి పాదాలు లేనట్టే. ఎత్తు నుంచి కిందికి వేసేటప్పుడు చేతిని దించకూడదు, నడుము దగ్గర వంగాలి. ఇది పిల్లలకి వందసార్లు చెప్పి ఉంటాను. అక్కడ నా నడుము మోకు చేతిలో ఉంది.

చెట్టుకి ఎదురుగా కూర్చున్న కుడిచేతి వాటం వాడికి ఎడమవైపు సుఖం. ఎడమ చెయ్యి అటు చాస్తే చాలు. నా ఎడమవైపు కొబ్బరిచెట్ల తలలు అడ్డుగా ఉన్నాయి. వాటి మీంచి రెండు బాణాలు వేశాను. రెండూ దారం మట్టలకి చుట్టుకుని నీళ్లలో పడ్డాయి. ఖాళీ ఉన్నది కుడివైపే, రెండు కొబ్బరిచెట్ల మధ్య బారెడు సందు. ఆ సందులోంచి చూస్తే అవతలి గట్టు మీద అక్క, ఊరివాళ్లు, కుర్చీలో కూర్చోబెట్టిన బావగారు కనిపిస్తున్నారు.

చెట్టు చుట్టూ తిరిగి అటు పక్కకి వెళ్దామంటే, చెట్టు ఏటివైపు వాలి ఉంది. వాలు పక్కన మోకు నిలవదని సత్తిబాబు ముందే చెప్పాడు. ఇక ఒంటిని మెలితిప్పి, విల్లు చెట్టుకి ఇవతల నుంచి అవతలికి తెచ్చి, వీపు నీళ్లవైపు పెట్టి వెయ్యాలి. అలాగే తిరిగాను. సగం తిరిగేసరికి ఎడమ పాదం బందంలోంచి జారింది, మోకు పక్కటెముకల కిందికి ఎక్కి మెలిపడింది. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది.

నార తడిసింది. సత్తిబాబు చెప్పినట్టే బిగిసింది. ముందుకు తిరగలేను, వెనక్కి తిరగలేను. ఛాతీ చెట్టుకి అతుక్కుపోయింది, బొడిపెలు గీరుకుంటున్నాయి. ఊపిరి సగమే లోపలికి వెళుతోంది. కాళ్లు ముందు మండాయి, తరవాత ఉన్నాయో లేదో తెలియలేదు. కింద గట్టు పక్క నుంచి ఎర్రనీళ్లు పోతున్నాయి. చెట్టే నీళ్లలోకి నడుస్తున్నట్టు అనిపించి కళ్లు మూసుకున్నాను.

సత్తిబాబు పైకి రావడానికి రెండో బందం లేదు. వెదురు నిచ్చెన తెస్తానని ఊళ్లోకి పరిగెత్తాడు. అలా ఎంతసేపు వేలాడానో నాకు లెక్క తెలియదు. భయపడ్డాను. సిగ్గులేకుండా భయపడ్డాను. బావగారి మొహం కూడా ఆ కాసేపు నాకు గుర్తు లేదు.

నాకు గుర్తున్న ఆఖరి సంగతి, చెట్టుకి తల ఆనించి దింపెయ్యమని అరవడం. తరవాత నారి వదిలిన చప్పుడు. ఆ వెంటనే అవతలి గట్టు నుంచి కేకలు.

బాణం ఆ బారెడు సందులోంచి వెళ్లి అవతలి గట్టు మీద పడింది. వాళ్లు దారం లాగారు, పురికొస లాగారు, తాడు లాగారు. ఈలోగా సత్తిబాబు మరో ఇద్దరితో నిచ్చెన తెచ్చి, మోకు కోసి నన్ను దించాడు. మధ్యాహ్నానికి బావగారు తాడు వెంబడి నావలో ఇటు వచ్చారు. సాయంత్రానికి అమలాపురంలో మిషను మీద ఉన్నారు. ఇంకొక్క పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం అన్నారు డాక్టరుగారు.

అలవాటు కొద్దీ చేతులు వాటంతటవే వేసుంటాయి అనుకున్నాను. స్నానం చేస్తుంటే కుడి ముంజేతి లోపలి పక్క నిలువుగా ఒక వాత కనిపించింది. నారి కొట్టిన వాత అది, విలుకాడికి తెలియని దెబ్బ కాదు. కానీ అది విల్లు పట్టుకున్న చేతికే తగులుతుంది. నాకు తగిలితే ఎడమ చేతికి తగలాలి. చెట్టు గీరుకుందిలే అని సరిపెట్టుకున్నాను.

వారం తరవాత వెంకటలక్ష్మి వీడియో పంపింది. అందులో నా గొంతు స్పష్టంగా ఉంది. "నా వల్ల కాదమ్మా. ఎవరైనా పోనీ, ఏమైనా అవనీ. నన్ను దింపెయ్యండి." వెంకటలక్ష్మి గొంతు, "ఆయ్, నిచ్చెన తెత్తున్నారండి, కాస్త ఓపిక పట్టండి మాస్టారూ."

తరవాత నా ఎడమ చేతిలోని విల్లు కుడి చేతిలోకి మారింది. కుడి చెయ్యి సందు వైపు తిన్నగా చాచుకుంది. ఎడమ చెయ్యి నారి పట్టుకుని గడ్డం దాకా లాగింది. కుడివైపుకి వెయ్యాలంటే అదే సరైన పద్ధతి, అలా వేసేవాడు ఒళ్లు మెలితిప్పక్కర్లేదు. కానీ నా తల చెట్టుకే ఆని ఉంది. కళ్లు మూసుకునే ఉన్నాయి. నేను అటు చూడనే లేదు.

వెంకటలక్ష్మికి విలువిద్య తెలియదు కాబట్టి ఆమెకి తేడా తెలియలేదు. "మీరే కదండీ ఏసేరు, నేను చూత్తానే ఉన్నాను," అంది.

ఎండ కాసిన రోజున గ్రౌండులో నిలబడి, కళ్లు తెరుచుకుని, ఎడమ చేత్తో నారి లాగి చూశాను. సగం కూడా రాలేదు. నా విల్లు కుడిచేతి వాటానిది, బాణం దాని మీద నిలవక జారిపోయింది. భుజం వాచి మూడు రోజులు చొక్కా తొడుక్కోలేకపోయాను. డాక్టరైన స్నేహితుణ్ణి అడిగితే, ప్రాణం మీదికి వస్తే ఒంట్లో లేని బలం వస్తుందన్నాడు. బలం వస్తుంది సరే. మూసిన కళ్లకి సందు ఎలా కనపడిందని అడిగితే టీ తాగమన్నాడు.

సత్తిబాబుని కూడా అడిగాను. ఆ చెట్టు మీంచి ఎవరైనా పడ్డారా, మీ ఇంట్లో ఎడమచేతి వాటం వాళ్లున్నారా అని. "లేదండి. ఆ చెట్టు మా తాత కాలం నుంచీ మేమే గీస్తన్నాం. ఎవరూ పడలేదు, ఎవరికీ ఎడం చెయ్యి అలవాటూ లేదండి," అన్నాడు. ఎవరో ఒకరున్నారంటే కనీసం భయపడటానికి ఒక మనిషి దొరికేవాడు.

బావగారు కోలుకున్నాక అక్క ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టింది. పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. దేవుడు నా చేతికి బలమిచ్చాడు అని ఒక్క మాట చెప్పి కూర్చున్నాను. అందరూ స్తోత్రం అన్నారు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

భోజనాలయ్యాక బావగారు నా పక్కన కూర్చుని నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకున్నారు. "అవతలి గట్టు మీంచి నిన్ను చూస్తానే ఉన్నానయ్యా. అంత వానలో, అలా ఇరుక్కుపోయి కూడా నువ్వు నన్నొదల్లేదు," అన్నారు.

వదిలేశాను బావగారూ, అని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన ముందు చెప్పలేకే ఇక్కడ రాస్తున్నాను. నేను ఆయన్ని వదిలేశాను. ఆ తరవాత బాణం వేసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.