లైన్ క్లియర్ నీ పేరు మీద ఉండాది

మా లైన్ ఇన్‌స్పెక్టర్ సార్ ఉదయగిరిలో చనిపోయారని మొన్న పొద్దున సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను ఆత్మకూరు అవతల పొలాల్లో కరెంటు స్తంభం కింద నిలబడి ఉన్నాను. పైన మా మనుషులు పనిలో ఉన్నారు. వాళ్లు దిగేదాకా ఆ సంగతి చెప్పలేదు. పైనున్న మనిషి మనసు చెదిరే మాట కింద నుంచి అనకూడదని నేర్పింది ఆయనే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన సీతారామపురం దాకా లైన్ వెంట నడిపించేవారు. జీపు ఉన్నా ఎక్కనిచ్చేవారు కాదు. “బండిలో పోతే రోడ్డు కనపడతాది, లైన్ కనపడదు” అనేవారు. రంజాన్ ఉపవాసాల్లో కూడా మాతో సమానంగా ఎండలో నడిచి, మమ్మల్ని మాత్రం నీళ్లు తాగమని పోరేవారు. పని మొదలయ్యే ముందు ఒక్కొక్కరినీ అన్నం తిన్నావా, నిద్రపోయినావా అని అడిగేవారు. కొన్నాళ్లకి ఆ అడిగే పని నాకిచ్చారు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఒక వేసవిలో గాలివానకి సీతారామపురం వైపు స్తంభాలు పడిపోయాయి. తీగల మీద పనిచేసేముందు కరెంటు ఆపించి ‘లైన్ క్లియర్’ తీసుకుంటాం. తీసుకున్నవాడు అందరూ దిగారని చెప్తేనే మళ్లీ కరెంటు వదులుతారు. ఆ రోజు మొదటిసారి దాన్ని నా పేరు మీద తీసుకోమన్నారు సార్.

పొద్దుగూకే వేళకి పని అయిపోయింది. మోటార్లు ఆగి ఊళ్లలో తాగే నీళ్లు లేవు. సబ్‌స్టేషన్ ముందు జనం ఖాళీ బిందెలతో నిలబడ్డారు. మావాళ్లంతా తిరిగొచ్చారు, వెంకటయ్య తప్ప. వాగవతల తీగ మీద పడిన కొమ్మ కొట్టడానికి పోయిన కాంట్రాక్టు మనిషి. ఫోన్ పలకడం లేదు.

“పని ఎప్పుడో అయిపోయుంటాది. అటునుంచటే ఇంటికి పోయినాడేమో” అన్నాడొక లైన్‌మన్.

జనంలోంచి ఒక పెద్దాయన నా మీదికొచ్చాడు. “పనైపోయిందంటిరి గదా. పిల్లోళ్లు దప్పికతో అల్లాడతా ఉండారు. ఇంకా ఏంది నీ బాధ?”

లోపల ఆపరేటర్ టేబుల్ మీద ఫోన్ మోగుతూనే ఉంది. పైవాళ్ల నుంచి. “ఏం చెప్పమంటావు?” అన్నాడతను. నేను సార్ వైపు చూశాను.

“నన్నెందుకు చూస్తావు? లైన్ క్లియర్ నీ పేరు మీద ఉండాది” అన్నారాయన.

ఆయన ఒక్క మాట అంటే బరువంతా ఆయన మీదికి పోయేది. అనలేదు.

“వెంకటయ్యని కళ్లారా చూసిందాకా వదిలేది లేదు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

జనం గోల చేశారు. ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. అప్పుడు లేచారు సార్. ఆ చెయ్యి విడిపించి, గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. “తిట్టేదేదో నన్ను తిట్టండి. వాణ్ణి పోనీండి” అన్నారు.

బండి మీద వాగు దాటాను. వెంకటయ్య స్తంభం మీదే ఉన్నాడు. కొమ్మ కొట్టాక ఇన్సులేటర్ పగిలి కనిపించిందట, మారుస్తున్నాడు. తీగ అతని చేతిలోనే ఉంది. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. “దిగు వెంకటయ్యా” అన్నాను నెమ్మదిగా. అతని పాదం నేల తాకాకే నాకు ఊపిరాడింది.

తిరిగొచ్చి అందరూ దిగారని ఆపరేటర్‌కి చెప్పాను. కరెంటు వచ్చింది. జనం బిందెలెత్తుకుని వెళ్లిపోయారు. సార్ మెచ్చుకోలేదు.

“భయపడినావా?”

“భయపడినాను సార్.”

“మంచిది. భయం లేనోడికి నేను మనుషుల్ని అప్పజెప్పను. రేపట్నుంచి ఈ గ్యాంగు నీది.”

ఇట్లాగే ఆయన చేతిలో తయారైనవాళ్లు కలిగిరిలో ఉన్నారు, కొండాపురంలో ఉన్నారు. పనంటే ఆయనకున్న పిచ్చి మాకూ అంటింది. మొన్న అందరం ఉదయగిరి ఖబరస్తాన్‌లో కలిశాం. తలా మూడు పిడికిళ్ల మట్టి వేశాం. ఇంతలో కొండ మీంచి గాలి లేచింది, ఆకాశం నల్లబడింది. ఒకరి తర్వాత ఒకరికి సబ్‌స్టేషన్ల నుంచి ఫోన్లు వచ్చాయి. గేటు బయట బండ్ల దగ్గర మావాళ్లు, చేతులకంటిన మట్టి దులుపుకోకుండానే గ్లౌజులు తొడుక్కుంటున్నారు.