మా తాత సూత్రం, నా టీసీడ్రైన్

మా వంశం పరువును మూడు గజాల తీగ మీద ఆరేసిన రోజు గురించి చెబుతాను. ఆ పరువు ఇంకెవరూ తీయలేదు, స్వహస్తాలతో నేనే తీసుకున్నాను.

భివండిలో మా తాతకు నలభై సాంచలు, అంటే మరమగ్గాలు, ఉండేవి. నా వంతుకు మిగిలినవి తాళం లేని ఒక ఇత్తడి తాళంచెవి, వంగని వెన్నెముక. ధామన్కర్ నాకా కూడలి దగ్గర కార్ఖానా నడిపే మల్లేశం సేటు ఒకప్పుడు మా తాత దగ్గర పనివాడు. చిన్న కంప్యూటర్ బోర్డు నుంచి సాంచకు తీగ గుండా డిజైన్ పంపే ప్రోగ్రాం ఆయనకు కావాలి. కుదిరితే అది నా తొలి ఉద్యోగం. ఆ బోర్డు సి భాష లైబ్రరీలో లైన్‌ను, అంటే ఆ తీగ మీది రాకపోకలను, అదుపు చేసే ఫంక్షన్లు లేవు. నేనే రాస్తానన్నాను.

"ఎవరినన్న అడిగి రాస్తవా?" అన్నాడు సేటు.

"మాది అడిగే ఇల్లు కాదు, కాకా."

ఆ ఫంక్షన్లలో టీసీడ్రైన్ అనేదాని పని ఒక్కటే: డిజైన్‌గా పంపిన అక్షరాలన్నీ తీగ దాటేదాకా ఎదురుచూడటం. ఇక్కడే నా రక్తం పొంగింది. మా ఇంట్లో తరతరాల సూత్రం ఒకటుంది: ముందు ఆపు, తర్వాతే చూడు. అందుకని నా టీసీడ్రైన్ మొదటి వరుసలో లైన్‌ను ఆపేసి, రెండో వరుసలో అక్షరాలు ఎప్పుడు వెళ్తాయా అని కూర్చుంది. పెళ్లి పందిరి గేటుకు తాళం వేసి, చుట్టాలు ఎంతకీ కదలరేమని విసుక్కున్నట్టు.

చూపించే రోజున కార్ఖానా అంతా చుట్టూ చేరింది. మీట నొక్కాను. సాంచ డిజైన్‌లోని నెమలిని ముక్కు దాకా నేసి నిలబడిపోయింది.

"ఏంది, ఆగింది?" అన్నాడు సేటు.

"అక్షరాలు దారిలో ఉన్నాయి."

చాయ్ వచ్చింది, చల్లారింది. కుర్చీ వేశారు, నేను కూర్చోలేదు.

"కాశేలి ఊరి దాక నడిచిపోయినోళ్లు గూడ ఈపాటికి తిరిగొద్దురు," అంది కండెలు చుట్టే రాజవ్వ.

"పెద్ద డిజైన్, అవ్వా."

"గా ముక్కుకేనా?"

చివరికి సేటు పక్కకొచ్చి, "ఏం రాసినవో ఒక్కొక్కటి చదువు," అన్నాడు.

"ముందు లైన్ ఆపుతుంది. తర్వాత అన్నీ వెళ్లేదాకా..." అక్కడ నా నోరూ ఆగింది.

"ఆపినంక ఎట్ల పోతయి?"

"మా తాత సూత్రం, కాకా. ముందు ఆపు, తర్వాత చూడు."

సేటు కడుపు పట్టుకుని నవ్వి, ఎడమ చెయ్యి ఎత్తాడు. చిటికెన వేలు సగమే ఉంది. "గది సూత్రం గాదు, తిట్టు. నడిచే సాంచల నేను వేలు వెట్టిన దినం మీ తాత తిట్టిండు. నన్నొక్కన్నే."

ఇన్నేళ్లూ మా ఇంటిల్లిపాదీ పూజించింది మల్లేశం కాక తిన్న తిట్టును.

ఆపే వరుస కొట్టేశాను. నెమలి తోక దాకా వచ్చింది. కుర్చీలో కూర్చుని చెయ్యాలన్న షరతు మీద పని నాకే ఇచ్చాడు.

కనుక గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: దారి మూసేసి ఎవరికోసమూ ఎదురుచూడను. వంశం పేరు మీద మాత్రం ఒట్టు వేయను. ఏ మాట వెనక ఎవరి వేలు పోయిందో ముందు అడగాలి.