మూడో పేజీకి జారిన సంతకం గీత

పద్మజకు మనీషా మీద అనుమానం పుట్టింది ప్రింటర్ దగ్గర. రెండు పేజీల్లో రావలసిన ఫారమ్ మూడు పేజీలు వచ్చింది. మూడో పేజీలో తల్లిదండ్రుల సంతకం గీత ఒక్కటే ఉంది. మిగతా పేజీ అంతా తెల్లగా ఖాళీ.

అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో శాంతి నడుపుతున్న పిల్లల డేకేర్ ఆఫీసులో పద్మజ చేరి ఎంతో కాలం కాలేదు. వర్క్ పర్మిట్ లేక ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్న మనిషి. డిగ్రీ ఉంది, ఓపిక ఉంది, పని మాత్రం చేయకూడదు. పర్మిట్ వచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం ఇది. అదీ పర్మనెంట్ కాదు. "లైసెన్సు వాళ్ళ ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా చూద్దాం పద్మజా. అది బాగా జరిగితే ఉంటావు, లేకపోతే లేదు" అని శాంతి మొహమాటం లేకుండా చెప్పేసింది.

అప్పగించిన పని చూడ్డానికి చిన్నదే. అడ్మిషన్ ఫారమ్ అంతవరకు కాగితం మీద ఉండేది. లైసెన్సు ఇచ్చేవాళ్ళు ఒప్పుకున్న ఫారమ్ కాబట్టి ఏ గడి ఎక్కడుందో అక్కడే ఉండాలి, ఒక్క గీత కూడా జరగకూడదు. దాన్ని వర్డ్‌లో తయారుచేసి, తల్లిదండ్రులు ఇంట్లోనే టైప్ చేసి పంపేలా చేయాలి. పద్మజ పాత కాగితాన్ని స్కేలుతో కొలిచి, టేబుల్ గీసి, టైప్ చేయాల్సిన చోటల్లా గడులు పెట్టింది. జాన్ స్మిత్ అని నింపి చూసింది. ఈ దేశంలో ఏ నమూనా ఫారమ్ చూసినా ఉండేది ఆయనే కదా. ప్రింటు తీసి, పాత కాగితం మీద పెట్టి, కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే గీత మీద గీత కూర్చుంది.

ఆ ఫైలును ఈమెయిల్‌లో పంపడం, నింపి వచ్చినవి ప్రింటు తీయడం మనీషా పని. మనీషా ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. కాలేజీ అయ్యాక ఫ్రంట్ డెస్క్‌లో చేరింది.

"మనీషా, ఇది చూడు. మూడు పేజీలు వచ్చింది."

"ఐ నో ఆంటీ. నిన్న కూడా అలాగే వచ్చింది. వీర్డ్ కదా?"

"నువ్వేమైనా ఓపెన్ చేసి సేవ్ చేశావా?"

"నో ఆంటీ. డౌన్‌లోడ్ చేస్తా, ప్రింట్ చేస్తా. అంతే."

అంత గబుక్కున 'నో' అందంటే ఏదో ఉందనుకుంది పద్మజ. ఆ పిల్ల ఆలోచించి చెప్పి ఉంటే ఇంకా ఎక్కువ అనుమానించేది, అది వేరే సంగతి.

వచ్చిన ఫారాలన్నీ ముందేసుకుని కూర్చుంది. అమెరికన్లవి చక్కగా రెండు పేజీల్లోనే ఉన్నాయి. చెడినవన్నీ మనవాళ్ళవి. అది చూశాక ఆమెకు ఇక సందేహం మిగల్లేదు. సాయంత్రం భర్త శేషగిరి కారు ఎక్కగానే మొదలుపెట్టింది.

"మనవాళ్ళవే పాడవుతున్నాయంటే మీకు అర్థం కావట్లేదా? మన కమ్యూనిటీలో నా పరువు తీయాలని."

"ఆ పిల్లకి నీ పరువుతో ఏం పని పద్మా? ఆ వయసుకి నీ పేరు గుర్తుంటే గొప్ప."

"మీకేం, మీ ఆఫీసులో అందరూ దేవుళ్ళు."

"మా మేనేజర్‌ని ఒకసారి చూపిస్తాలే, అప్పుడను ఆ మాట. సరే, ఫైల్ లాక్ చేశావా? గడులు నింపడం తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా?"

చేయలేదు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే చేసింది. ఇప్పుడు ఎలా పాడు చేస్తుందో చూద్దామని కూర్చుంది. మధ్యాహ్నానికి ఆరుష్ అనే పిల్లాడి ఫారమ్ వచ్చింది. మూడు పేజీలు. లాక్ కూడా తీయడం నేర్చిందన్న మాట! అద్దం అవతల మనీషా ఫోన్ చూసుకుని నవ్వుతోంది. ఆ నవ్వు తనను చూసేనని పద్మజకు రూఢి అయిపోయింది. ఆరుష్ ఫారమ్ పట్టుకుని లేచి తిన్నగా శాంతి గదిలోకి వెళ్ళింది.

"శాంతిగారూ, మనీషా కావాలని నా ఫారమ్ పాడు చేస్తోందండి."

శాంతి కళ్ళజోడు తీసింది. "ఇది చిన్న మాట కాదు పద్మజా. నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదండి. నా దగ్గర బాగుంటుంది, తన చేతికి వెళ్ళాక పాడవుతుంది. మధ్యలో ఇంకెవరున్నారు?"

"అది నింపిన ఆరుష్ వాళ్ళమ్మ ఉంది" అని శాంతి మనీషాను పిలిచింది.

విషయం వినగానే ఆ పిల్ల ముఖం కందిపోయింది. "యూ థింక్ నేను కావాలని చేశానా? ఎందుకు చేస్తా ఆంటీ?"

"అది నువ్వే చెప్పాలి."

"ఇద్దరూ గొంతు తగ్గించండి, పిల్లలు పడుకున్నారు" అంది శాంతి. దాంతో పోట్లాట గుసగుసల్లోకి దిగింది. గుసగుసగా తిట్టుకోవడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలిసొచ్చింది.

"నా ముందే ఫిల్ చేయండి ఆంటీ. నేను ఏమీ టచ్ చేయను" అని మనీషా చేతులు కట్టుకుని నిలబడింది.

పద్మజ శాంతి కంప్యూటర్లో ఖాళీ ఫారమ్ తెరిచి జాన్ స్మిత్ అని కొట్టింది. ఏదీ కదల్లేదు. "చూశారా?" అంది.

"జాన్ స్మిత్ మన డేకేర్‌లో లేడు. ఇందులో ఉన్నది కొట్టు" అని శాంతి ఆరుష్ ఫారమ్ ఆమె ముందుకు తోసింది.

ఆరుష్ పేరు గడిలో హాయిగా పట్టింది. అమ్మానాన్నల పేర్లూ పట్టాయి. ఆ కింద, పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళ పేరు రాసే సన్నని గడి. మనవాళ్ళ ఇళ్ళలో ఆ పని విజిటింగ్ వీసా మీద వచ్చిన అమ్మమ్మదో తాతయ్యదో. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. పద్మజ కాగితం చూస్తూ కొట్టింది: తుమ్మలపల్లి వెంకట సత్య సూర్య అన్నపూర్ణ సీతామహాలక్ష్మి.

సూర్య దగ్గర గడి రెండో వరుసకు సాగింది. సీతామహాలక్ష్మి దగ్గర మూడో వరుసకు. కింద ఉన్నవన్నీ ఒక్కొక్కటే దిగజారాయి. లాక్ ఉన్నది ఉన్నట్టే ఉంది. అడుగున సంతకం గీత స్క్రీన్ మీద నుంచి జారిపోయింది.

"నీ పాస్‌పోర్టులో పేరేంటి పద్మజా?" అంది శాంతి.

"వేమూరి వెంకట నాగ దుర్గా పద్మజావతి" అంది పద్మజ నోట్లో నోట్లోనే. తన పేరు పెట్టి చూసుకున్నా బయటపడేది.

మనీషా అప్పటికే వెళ్ళిపోయింది. పద్మజ ఆ సాయంత్రమే వరుసల ఎత్తు, గడుల వెడల్పు కదలకుండా బిగించింది. పేర్ల గడిలో అక్షరాలు చిన్నవి చేసింది. అమ్మమ్మగారు ఈసారి గడి దాటకుండా సర్దుకుని కూర్చున్నారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినావిడ ఫారాలు తిరగేసి, ఏమీ అనకుండా కట్ట పక్కన పెట్టేసింది. "ఇక నువ్వు పర్మనెంట్. ఫ్రంట్ డెస్క్‌లో మనీషా పక్కన కూర్చో" అంది శాంతి.

పద్మజ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మనీషా, నేను అలా అనకుండా ఉండాల్సింది. సారీ అమ్మా."

"ఇట్స్ ఓకే ఆంటీ."

కాసేపటికి మనీషా బాటిల్ తీసుకుని నీళ్ళకు లేచింది. కూలర్ ఎంతో దూరం లేదు. అయినా లేస్తూ లేస్తూ రెండు మీటలు నొక్కి తన స్క్రీన్ లాక్ చేసింది. బాటిల్ నిండుతున్నంతసేపూ ఇటే చూస్తోంది. పద్మజ తన రెండు చేతులూ కనబడేలా టేబుల్ మీద పెట్టుకుంది.