అమ్మ చేతి తొక్కు

దుబాయ్‌లో మా కాలేజీ ఊరి చివర, ఇసుక మొదలయ్యే చోట ఉండేది. కరోనా తగ్గి తరగతులు మళ్ళీ గదుల్లో మొదలైన ఏడాది నేను అందులో చేరాను. చేరిన వారానికే అర్థమైంది, అక్కడ చదవడానికి ఫీజు కడితే చాలు గానీ, బతకాలంటే మాత్రం తెలుగు జట్టులో ఉండాలని. జట్టుకు పేరూ బోర్డూ ఏమీ లేవు. కాలేజీ వాళ్ళ దృష్టిలో అసలు అలాంటిదొకటి లేనే లేదు. కానీ కొత్తగా దిగిన పిల్లల్ని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చేది వాళ్ళే, జ్వరమొస్తే క్లినిక్కుకు తీసుకెళ్ళేది వాళ్ళే, క్యాంటీన్‌లో ఒంటరిగా కూర్చున్న తెలుగు మొహం కనిపిస్తే ప్లేటుతో సహా లాక్కొచ్చేదీ వాళ్ళే. బదులుగా జూనియర్లు అందరినీ అన్నా అక్కా అనాలి, బిరియానీ వండిన గిన్నెలు తోమాలి, ఎవరు పిలిచినా ఎందుకని అడక్కుండా వెళ్ళాలి.

నేను షార్జాలో అల్ నహ్దా నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ణి. హాస్టల్ వాళ్ళకు సగం పరాయివాణ్ణి. అందుకే చేరాలన్న ఆత్రం నాకు అందరికంటే ఎక్కువ.

చేరడానికి ఒకటే తంతు. కొత్తవాడు వాళ్ళమ్మ చేత్తో చేసిందేదో తెచ్చి, అన్నంలో కలిపి, అందరికీ తలా ఒక ముద్ద పెట్టాలి. ఆ ముద్ద తిన్నవాళ్ళందరికీ ఆ రోజు నుంచి ఆవిడ అమ్మ. ఆంటీ అనకూడదు. ఎవరికైనా ఊరి నుంచి అమ్మ ఫోన్ చేస్తే, పక్కనున్నవాళ్ళు లాక్కుని "అమ్మా, తిన్నావా?" అని అడగడం నేను చూశాను. చూస్తే నవ్వొచ్చేది, కుళ్ళూ వచ్చేది.

మా అమ్మకు వంట రాదని కాదు. దేరాలో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూసేది. పొద్దున చీకటితో బయల్దేరి, షార్జా ట్రాఫిక్‌లో రెండు పూటలా నలిగి ఇంటికొచ్చేసరికి కుక్కర్ పెట్టడమే గొప్ప. మాకు పచ్చళ్ళు ఎదురింటి ఆంటీ ఇచ్చేది. ఆమెది జగిత్యాల దగ్గర పల్లె. భర్త ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజర్. పిల్లలు లేరు. అల్లం వెల్లుల్లి నూరి వేసి, నూనె కాచి పోసి ఆమె పెట్టే మామిడికాయ తొక్కు ముందు మా కాకినాడ ఆవకాయ నిలవదని, మా బంధువులెవరూ వినకపోతే, నేను ఒప్పుకుంటాను.

తంతు రోజు ఆ తొక్కు సీసానే పట్టుకెళ్ళాను. "మా అమ్మ చేసింది," అన్నాను. ముద్ద నోట్లో పెట్టుకోగానే కరీంనగర్ అన్న ఒకడు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక అనుమానంగా చూశాడు.

"అరేయ్, మీది కాకినాడ అంటివి గదరా. ఇది మా దిక్కు తొక్కు."

"అమ్మ పుట్టిల్లు జగిత్యాల అన్నా," అనేశాను. తడుముకోనైనా లేదు. అన్న నన్ను గట్టిగా కావలించుకున్నాడు. ఖలాస్, నేను జట్టు మనిషినైపోయాను.

రెండో ఏడు నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయితే జట్టంతా ఆస్పత్రి బయట కూర్చుంది. వాళ్ళను అలా చూసినప్పుడు సంతోషించాల్సింది పోయి, వీళ్ళను అబద్ధం చెప్పి సంపాదించుకున్నానే అని సిగ్గేసింది. ఆంటీకి మాత్రం సగం నిజం చెప్పేవాణ్ణి. మా కాలేజీ పిల్లలకు మీ పచ్చడంటే పిచ్చి అని. ఆమె ఉబ్బితబ్బిబ్బయ్యేది. పుల్లటి కాయ కోసం మార్కెట్లన్నీ తిరిగి, ఇంకో సీసా పెట్టి ఉంచేది.

"ఇంకేమంటున్నరు బిడ్డా? ఒకనాడు తోల్కరా, కడుపునిండ పెడ్త. నన్నొక్కసారి సూడనియ్యి ఆళ్ళను."

పరీక్షలున్నాయనేవాణ్ణి, బస్సు దొరకదనేవాణ్ణి. ఆమె నమ్మేది. ఆమె నమ్మేకొద్దీ లిఫ్టులో ఎదురుపడాలంటే నాకు మొహం చెల్లేది కాదు. అయినా సీసా ఇస్తే తీసుకునేవాణ్ణి.

మూడో ఏడాది చివర, కరీంనగర్ అన్న వాళ్ళ బ్యాచ్ వెళ్ళిపోయే ముందు, ఆదివారం మా ఇంట్లోనే భోజనమని వాళ్ళే తీర్మానించేశారు. వద్దనే పద్ధతి జట్టులో లేదు. అంతమందికి వంటంటే అమ్మ బెంబేలెత్తి ఆంటీని సాయం పిలిచింది. ఆంటీ పెళ్ళిళ్ళకు కట్టే పట్టుచీరలో వచ్చింది. వంటింట్లోకి పట్టుచీరేంటండీ అని అమ్మ వేళాకోళం చేసింది.

"నా పిల్లలొస్తున్నరు గదా," అంది ఆంటీ, నా వైపు చూసి.

అప్పుడైనా చెప్పాల్సింది. ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను.

వాళ్ళు వస్తూనే మీనా బజార్‌లో కొన్న శాలువా బయటికి తీశారు. సన్మానం చేయకపోతే మనవాళ్ళకు తిన్నది అరగదు కదా! అమ్మను సోఫాలో కూర్చోబెట్టి, మూడేళ్ళు మా కడుపు నింపిన తొక్కు పేరు మీద అంటూ శాలువా కప్పారు. అమ్మకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత వంటింటి గుమ్మం వైపు చూసింది. ఆంటీ మంచినీళ్ళ ట్రే పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"నేను కాదు బాబూ, అది..." అని అమ్మ మొదలుపెట్టింది. నేను అమ్మ కళ్ళలోకి చూశాను. ఎంత దీనంగా చూశానో నాకే తెలుసు. అమ్మ ఆగిపోయింది.

"గట్లనకమ్మా," అన్నాడు కరీంనగర్ అన్న. "మీది జగిత్యాల అంట గదా. ఏ ఊరు?"

అమ్మ జగిత్యాల పేరు విన్నది కూడా ఆంటీ నోటే. మళ్ళీ గుమ్మం వైపే చూసింది.

"చిన్నప్పుడే కాకినాడ వొయ్యిండ్రు నాయినా," అంది ఆంటీ గుమ్మంలోంచి. "మాటంత అటు దిక్కుదైంది. తొక్కొక్కటి మర్వలే."

ఆమె ముందుకొచ్చి ఒక్కొక్కరికీ గ్లాసు అందించింది. నాకూ అందించింది. ఆమె మొహంలో కోపం కోసం వెతికాను. ఉంటే బాగుండేది.

"థాంక్స్ ఆంటీ," అన్నారు వాళ్ళు.

భోజనాలయ్యాక అన్న తన ఫోన్ ఆమె చేతికిచ్చాడు. "ఆంటీ, మా అమ్మతోని ఒక ఫొటో తీస్తరా?"

ఆమె తడి చేతులు పట్టుచీర కొంగుకే తుడుచుకుని ఫోన్ అందుకుంది. అందరూ అమ్మ చుట్టూ చేరారు. నేను ఫొటోలో పడకుండా ఒక పక్కకు నిలబడ్డాను.

"గట్ల దూరం నిలవడితె ఎట్ల బిడ్డా," అంది ఆంటీ నాతో. "అమ్మకు దగ్గర్కి జరుగు."

జరిగాను.