అమావాస్య నాడు ఎక్కించిన ప్యాకేజీలు

మా ఒంగోలు వైపు అమావాస్య నాడు కొత్త చీర కూడా కట్టనివ్వరు. అలాంటిది, నా ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద పని ఆ రోజే మొదలుపెట్టాల్సి వచ్చింది.

మా ఆఫీసు చెన్నైలో, షోళింగనల్లూరులో. అక్కడ ఒక మందుల హోల్‌సేల్ కంపెనీకి మేం పని చేసిపెడతాం. ఏ శాఖలో ఏ మందు ఎంత ఉందో రోజూ పొద్దున్నే తెచ్చి ఒకచోట చేర్చే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. వాటిని ప్యాకేజీలంటాం. అన్నీ నేను రాసినవే. డేటాబేస్ సర్వర్‌ను కొత్త వెర్షన్‌కి మార్చేసరికి వీటినీ దానికి తగ్గట్టు మార్చాల్సి వచ్చింది. మా మేనేజర్ దృష్టిలో అవి పాత చింతకాయ పచ్చడి. పారేసి, వేరే టీమ్ చేత కొత్తవి రాయిద్దామన్నాడు. నాకు ఒళ్ళు మండింది. “నన్ను మార్చనివ్వండి. నడవకపోతే అప్పుడు పారేయండి” అన్నాను. సరేనన్నాడు, ఒక్క అవకాశమేనని వేలు చూపించి మరీ.

ముహూర్తం పెట్టింది ఆ మందుల కంపెనీ ఓనరు. ఆయనది తరాలుగా ఉత్తర మద్రాసులో స్థిరపడిన తెలుగు వర్తకుల కుటుంబం.

“అమావాస్యా అండీ?” అన్నాను.

“ఈడ అమావాస్యే మంచి దినమమ్మా. మా తాత అంగడి తెరిచింది కూడా ఆ దినమే.”

ఫోన్లో ఈ సంగతి చెబితే మా అమ్మ, “మతి పోయింది ఆయనకా, నీకా?” అంది.

ఆ పొద్దున ఆయన నిమ్మకాయలు పట్టుకుని స్వయంగా ఆఫీసుకొచ్చాడు. సర్వర్ ఎక్కడుందని అడిగాడు. అది ఇక్కడ లేదు, ముంబైలో ఎక్కడో అద్దెకు తీసుకున్నదని చెప్పాను. కాసేపు ఆలోచించి, నిమ్మకాయల్ని నా కుర్చీ చక్రాల కింద పెట్టాడు. బండి కొన్నవాళ్ళ మాదిరి కుర్చీని ముందుకు తోసి తొక్కించాను. ఆఫీసంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ప్యాకేజీలన్నీ ముందే మార్చిపెట్టుకున్నాను. నా కంప్యూటర్‌లో అన్నీ చక్కగా నడిచాయి. తీరా సర్వర్ మీదికి ఎక్కించి నడిపితే ఒకటి ఎర్రగా ఆగిపోయింది. మందుల గడువు తేదీలు సరిచూసే ప్యాకేజీ అది. మేనేజర్ నా వెనకే నిలబడి, “చెప్పానా, కొత్తవి రాయించడమే మేలని?” అన్నాడు. ఓనరు గడియారం చూసుకున్నాడు.

“రాహుకాలం వచ్చే లోపల అవతాదామ్మా?”

“అవుతుందండీ” అన్నాను. ఎలా అవుతుందో నాకు తెలియదు. కానీ నేను రాసినదాన్ని నేను గాక ఇంకెవరు బాగుచేస్తారు?

ఎర్రర్‌ను నిదానంగా చదివాను. ఆ ఒక్క ప్యాకేజీలోనే నేను సొంతంగా రాసిన కోడ్ ముక్క ఉంది. ప్యాకేజీ కొత్త వెర్షన్‌కి మారింది గాని, ఆ కోడ్ తనకు కావలసిన పనిముట్ల కోసం ఇంకా పాత వెర్షన్ లైబ్రరీనే వెతుక్కుంటోంది. ఇల్లు మారాక కూడా కాళ్ళు పాత వీధి కొట్టుకే పోయినట్టు. నా కంప్యూటర్‌లో పాత వెర్షన్ కూడా ఉంది కాబట్టి అక్కడ నడిచింది. కొత్త సర్వర్‌లో అది లేనే లేదు. కోడ్ తెరిచి, కొత్త లైబ్రరీకి మార్చి, మళ్ళీ బిల్డ్ చేసి, సర్వర్ మీదికి ఎక్కించాను.

ఈసారి ఎక్కడా ఎరుపు రాలేదు. వరసగా అన్నీ పచ్చబడ్డాయి. ఓనరు వెంటనే గోడౌన్‌కి ఫోన్ చేశాడు. “స్టాకు లెక్క వచ్చిందా? గడువు తేదీలూ సరిగా ఉండాయా? ఎన్నూరు శాఖదీ వచ్చిందా?” అని అడిగి, ఫోన్ జేబులో పెట్టుకుని మేనేజర్ వైపు తిరిగాడు.

“ఇంత బాగా నడస్తా ఉంటే మళ్ళీ కొత్తవి ఎందుకు సార్? ఇవే ఉండనీండి. అవునూ, ఇవి రాసిందెవరు?”

“మా టీమే సార్...” అని మేనేజర్ మొదలుపెట్టాడు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

“నేనండీ. ప్రతి ఒక్కటీ నేనే రాశాను.”